ఎంపిక సీనియర్లది, విశ్రాంతి అందరిదీ

ఉద్యోగంలో ముందు చేరినవారికి ముందు ఎంచుకునే హక్కు ఉండాలి. అందులో మాకు రెండో మాట లేదు. అయితే ఆ హక్కు పేరు చెప్పి వెనక చేరినవాడి నిద్ర లాక్కుంటే ఊరుకోకూడదు. నంద్యాల, ఆళ్లగడ్డ ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లకు, కండక్టర్లకు డ్యూటీలు వేసే పద్ధతి ఈ రెండు మాటలకూ కట్టుబడి ఉండాలి.

డ్యూటీలన్నీ ఒకలాంటివి కావు. నంద్యాల నుంచి మహానందికి తిరిగే పల్లెవెలుగు డ్రైవరు పొద్దుగూకేసరికి ఇల్లు చేరే వీలుంది. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయేవాడు నల్లమల మలుపుల్లో రెప్ప వాల్చలేడు. బెంగళూరు రాత్రి సర్వీసుకు వెళ్లినవాడు పట్టపగలు, పరాయి ఊళ్లో, హారన్ల మోతలో నిద్రపోవాలి. ఆళ్లగడ్డలో అహోబిలం ట్రిప్పులకూ దూరప్రాంతపు నైటవుట్‌కూ ఇదే తేడా. జీతం కాగితంలో ఈ తేడా పెద్దగా తెలియదు. నడుం నొప్పిలో, బీపీ మాత్రల్లో, ఇంట్లో శుభకార్యానికి వేళకు చేరలేకపోవడంలో తెలుస్తుంది. డ్యూటీ చార్టు దగ్గర ఇంత పంచాయతీ జరిగేది అందుకే.

విమానాలు నడిపేవారి మధ్య ఈ పంచాయతీని అమెరికా ఏనాడో ఒక కొలిక్కి తెచ్చుకుంది. అక్కడి పెద్ద కంపెనీల్లో పైలట్‌కు చేరిన తేదీని బట్టి ఒక సీనియారిటీ నంబరు వస్తుంది. ఏ ఊరు బేస్, ఏ విమానం, కెప్టెన్ సీటా పక్క సీటా, నెలలో ఏ రోజులు ఇంటిపట్టున ఉండొచ్చు, అన్నీ ఆ వరుసలోనే కోరుకోవాలి. పండగనాడు ఇంట్లో భోంచేసేది సీనియర్. ఎప్పుడు పిలుస్తారోనని ఫోన్ పక్కన పెట్టుకుని రిజర్వ్‌లో కూర్చునేది జూనియర్. కంపెనీ మారితే పాతికేళ్ల అనుభవమున్న కెప్టెన్ అయినా మళ్లీ వరుస చివర నిలబడాల్సిందే. ఇది కఠినమైన పద్ధతే. కానీ మేనేజరు మొహం చూసి బతకాల్సిన అవసరం అందులో లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. అక్కడ కూడా పని గంటల హద్దును, కనీస విశ్రాంతిని ప్రభుత్వ నిబంధనే నిర్ణయిస్తుంది. మొదటి నంబరువాడికైనా చివరి నంబరువాడికైనా ఆ నిబంధన ఒక్కటే.

వరుస తేల్చకుండా నాన్చితే ఏమవుతుందో మన దేశమే చూసింది. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒక్కటయ్యాయి గానీ పైలట్ల జాబితాలు ఒక్కటి కాలేదు. కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఏ వైపు పైలట్లకు ఇవ్వాలన్న తగువు 2012 మే నెలలో సమ్మెగా మారి జూలై దాకా సాగింది. నష్టం ప్రజల సొమ్ముకే.

విశ్రాంతిని లెక్కలో వేసుకోకపోతే ఏమవుతుందో 2025 డిసెంబరు చూపించింది. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు తెచ్చింది. సిద్ధం కావడానికి గడువూ ఇచ్చింది. అయినా ఇండిగో తగినంత ఏర్పాటు చేసుకోలేదు, వేల విమానాలు రద్దయ్యాయి. చివరికి ప్రభుత్వమే ఆ సంస్థకు తాత్కాలిక సడలింపు ఇచ్చింది. మన తెలుగువాడే విమానయాన మంత్రిగా ఉన్న రోజుల్లో జరిగింది ఇది. తప్పు చేసింది యాజమాన్యం, సడలించింది పైలట్ విశ్రాంతిని. ఇది సమర్థించరాని నిర్ణయం.

పైలట్ల కోసం కనీసం దేశమంతా చర్చ జరిగింది. బస్సు డ్రైవరు సంగతి? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని హద్దు గీసింది. దూరప్రాంత సర్వీసుల పేరిట దాన్ని 10 గంటలకు, 54 గంటలకు సాగదీసే వెసులుబాటూ పెట్టింది. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు, అంటే వారి బాగోగులు ఇప్పుడు ప్రభుత్వ బాధ్యతే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పథకమే. బస్సుల్లో రద్దీ పెరిగింది. ఆ బరువు మోయడానికి చాలినంత మంది శాశ్వత డ్రైవర్లను తీసుకోకుండా ఆన్‌కాల్ డ్రైవర్లతో, అద్దె బస్సులతో నెట్టుకొస్తున్నారు. ఆన్‌కాల్ డ్రైవరుకు సీనియారిటీ జాబితాలో పేరే ఉండదు. పిలిస్తే రావాలి, వద్దంటే పోవాలి. నిన్న రాత్రి అతను ఎంతసేపు పడుకున్నాడో ఎవరు అడుగుతున్నారు? ఘాట్ రోడ్డుకు మాత్రం పర్మినెంటు, టెంపరరీ తేడా తెలియదు.

ఫలానా డిపోలో ఫలానావారికి అన్యాయం జరిగిందని మేమిక్కడ ఆరోపించడం లేదు. వరుస నలుగురి కళ్లెదుట లేనిచోట న్యాయంగా వేసిన డ్యూటీని కూడా ఎవరూ నమ్మరని చెబుతున్నాం. సిఫారసు ఫోను పనిచేసిందనో, యూనియన్ పదవి పనిచేసిందనో గుసగుసలు అక్కడే పుడతాయి. డ్యూటీలు వేసే ఏడీసీ టేబుల్ మీది కాగితానికి పరువు దక్కాలంటే అది నోటీసు బోర్డుకు ఎక్కాలి.

కాబట్టి సర్వీసుల ఎంపిక చేరిన తేదీ వరుసలో, నిర్ణీత కాలానికోసారి, అందరి ముందు జరగాలి. వరసగా ఇన్ని రాత్రులకు మించి ఎవరికీ వేయకూడదన్న హద్దు, రెండు డ్యూటీల మధ్య ఇన్ని గంటల విశ్రాంతి తప్పదన్న నియమం ఆ వరుసకు పైన ఉండాలి. అవి ఆన్‌కాల్ డ్రైవరుకూ, అద్దె బస్సు డ్రైవరుకూ వర్తించాలి. శివరాత్రికి శ్రీశైలం, మహానంది స్పెషల్స్ వేసినా, బ్రహ్మోత్సవాలకు అహోబిలం స్పెషల్స్ వేసినా మినహాయింపు ఉండకూడదు. తగినంత మంది లేరన్నది ఖాళీలు నింపాల్సిన ప్రభుత్వం ఇచ్చుకోవాల్సిన సంజాయిషీ. దాన్ని డ్రైవరు నిద్రతో పూడ్చుకోనివ్వకూడదు.

కొత్త నియామకాలకు జీవో కావాలి, బడ్జెట్ కావాలి. సీనియారిటీ జాబితాను, నెల చార్టును డిపో గోడకు అతికించడానికి అవేవీ అక్కర్లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ డిపో మేనేజర్లు ఆ పని ఈ వారమే చేయాలి.