మిలటరీ బండ్ల బ్రేకు దుమ్ములో ఆస్‌బెస్టాస్.. 40 ఏళ్ల తర్వాత క్యాన్సర్! అమెరికా మాజీ సైనికులు ఎవరి మీద కేసు వేయాలి?

చక్రం ఊడదీయాలి, డ్రమ్ము బయటికి లాగాలి, కంప్రెసర్ గాలి కొట్టి లోపల పేరుకున్న నల్ల దుమ్మును ఎగరగొట్టాలి. 1960లు, 70ల్లో అమెరికా ఆర్మీ వాహనాల షెడ్లలో పనిచేసిన మెకానిక్‌లకు ఇది రోజువారీ పని. ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాళ్లు కూడా తక్కువే. ఆ దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉంది. అప్పటి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. ఊపిరి ఆడట్లేదని ఆసుపత్రికి వెళ్తే కొందరికి డాక్టర్లు చెప్తున్న పేరు.. మెసోథీలియోమా. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్ ఇది. ఆస్‌బెస్టాస్ పీల్చినప్పటి నుంచి జబ్బు బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టొచ్చు.

మరి బాధ్యత ఎవరిది? బండి నడిపించిన సైన్యానిదా, బండి తయారుచేసిన కంపెనీదా, బ్రేకు లైనింగ్ అమ్మినవాళ్లదా? సామాన్యుడికి ముగ్గురిదీ అనిపిస్తుంది. అమెరికా చట్టం మాత్రం అలా చూడదు.

బండిలో ఆస్‌బెస్టాస్ ఎక్కడ?

మన ఊళ్లలో ఇళ్ల మీద వేసే సిమెంట్ రేకుల్లో కలిపే పీచే ఇది. వేడికి కాలదు, రాపిడికి త్వరగా అరగదు, ధర చౌక. అందుకే జీపుల నుంచి రెండున్నర టన్నుల ట్రక్కుల దాకా బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లు, ఇంజిన్ గ్యాస్కెట్లలో దశాబ్దాల పాటు వాడేశారు. బ్రేకు డ్రమ్ములను గాలి కొట్టి శుభ్రం చేయొద్దని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మెకానిక్‌ల కోసం ప్రత్యేకంగా పుస్తకం వేసింది 1986లో. అప్పటికే ఒక తరం మెకానిక్‌లు పని చేసి, యూనిఫాం విప్పేసి ఇంటికెళ్లిపోయారు.

ప్రభుత్వం మీద కేసు.. తలుపు 1950లోనే మూసేశారు

బ్యారక్స్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఒక సైనికుడు చనిపోయాడు. అతని కుటుంబం ప్రభుత్వాన్ని కోర్టుకు లాగింది. ఫెరెస్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1950లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది ఒక్కటే. సర్వీసులో భాగంగా జరిగిన హానికి సైనికులు ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేయడం కుదరదు. డెబ్బై ఐదేళ్లు దాటినా ఆ తీర్పు చెక్కుచెదరలేదు. కాంగ్రెస్ తలుచుకుంటే దారి ఇవ్వగలదు. క్యాంప్ లెజ్యూన్‌లో కలుషిత నీళ్లు తాగినవాళ్ల కోసం 2022లో ప్రత్యేక చట్టం చేసి ఇచ్చింది కూడా. బ్రేకు దుమ్ము పీల్చిన మెకానిక్‌ల కోసం అలాంటి చట్టమేదీ రాలేదు.

సరే, కంపెనీ మీద వేద్దామంటే?

ఇక్కడే ఉంది అసలు చిక్కు. 1988లో బాయిల్ కేసులో సుప్రీంకోర్టు కాంట్రాక్టర్లకు ఒక కవచం ఇచ్చింది. డిజైన్‌కు నిర్దిష్టమైన ఆమోదం ప్రభుత్వమే ఇచ్చి ఉండాలి, సరుకు ఆ డిజైన్ ప్రకారమే ఉండాలి, తమకు తెలిసి ప్రభుత్వానికి తెలియని ప్రమాదాలేవైనా ఉంటే ముందే చెప్పి ఉండాలి. ఈ మూడూ నిరూపిస్తే కంపెనీ బయటపడొచ్చు. అంటే మెకానిక్ ప్రభుత్వాన్ని అడగలేడు. కంపెనీని అడిగితే అది ప్రభుత్వాన్ని చూపిస్తుంది. బంతి ఎటు తన్నినా మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది. ఇందులో సందు లేకపోలేదు. ఆస్‌బెస్టాస్ ఉందని హెచ్చరిక రాయొద్దని సైన్యం చెప్పిందా? చెప్పకపోతే కంపెనీ ఎందుకు రాయలేదు? బాధితుల లాయర్లు ఎక్కువగా పట్టుకునేది ఈ పాయింటే.

రెండో చిక్కు విడిభాగాలది. ట్రక్కు ఒక కంపెనీది, దానికి తర్వాత వేసిన లైనింగ్ ఇంకో కంపెనీది. ‘ఆ లైనింగ్ మేం అమ్మలేదు’ అంటుంది ట్రక్కు కంపెనీ. ఇలాంటి వాదననే నౌకాదళ సైనికుల కేసులో 2019 మార్చిలో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. ఆస్‌బెస్టాస్ భాగం లేకపోతే నడవని యంత్రాన్ని అమ్మి, దాని వల్ల ప్రమాదమని తెలిసీ, వాడేవాళ్లకు అది తెలియదని అనుకోవాల్సిన పరిస్థితి ఉంటే హెచ్చరించాల్సిందే అని 6-3 మెజారిటీతో చెప్పింది. డెవ్రీస్ కేసు అంటారు దీన్ని. మాజీ సైనికులకు పెద్ద విజయమని వార్తలొచ్చాయి. నిజమే, కానీ ఓడల్లో పనిచేసినవాళ్లకే. ఎందుకంటే ఆ తీర్పు సముద్ర చట్టం కింద వచ్చింది. షెడ్డులో జీపు కింద పడుకుని పనిచేసినవాడికి వర్తించేది ఆయా రాష్ట్రాల చట్టం. న్యూయార్క్ అత్యున్నత కోర్టు 2016లో బాధితుల వైపు మొగ్గింది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అంతకుముందే 2012లో, వేరేవాళ్లు అమ్మిన భాగానికి కంపెనీ బాధ్యత సాధారణంగా ఉండదని చెప్పేసింది. ఒకే జబ్బు, ఒకే రకం దుమ్ము.. కేసు నిలబడుతుందా లేదా అన్నది ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందనే దాని మీద ఆధారపడుతోంది.

మూడోది సైన్స్ గొడవ. బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడికి చాలావరకు ఆస్‌బెస్టాస్ వేరే ఖనిజంగా మారిపోతుందని, మెకానిక్‌లలో మెసోథీలియోమా పెరిగినట్టు అధ్యయనాలు చూపలేదని కంపెనీల నిపుణులు కోర్టుల్లో వాదిస్తారు. కొత్త లైనింగును అరగదీసినప్పుడు, డబ్బా విప్పినప్పుడు లేచే దుమ్ము సంగతేంటని అవతలి పక్షం అడుగుతుంది. ఈ వాదన ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. మెసోథీలియోమా వచ్చిన మనిషికి అన్నేళ్ల టైమ్ ఉండదు.

దివాలా తీసిన కంపెనీల డబ్బు

కేసుల తాకిడికి 1982లో జాన్స్ మాన్‌విల్ కంపెనీ దివాలా రక్షణ కోరింది. బాధితుల కోసం ట్రస్టు పెట్టే పద్ధతి అక్కడే మొదలైంది. 1994లో దివాలా చట్టంలోకీ ఎక్కింది. బ్రేకు లైనింగులతో సంబంధమున్న ఫెడరల్ మొగల్ లాంటి సంస్థలూ 2001లో ఇదే దారి పట్టాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2011 లెక్క ప్రకారం ఇలాంటి ట్రస్టులు 60, వాటి దగ్గరున్న ఆస్తి దాదాపు 3,700 కోట్ల డాలర్లు. వినడానికి పెద్ద అంకె. కానీ రాబోయే బాధితులకూ మిగల్చాలి కాబట్టి చాలా ట్రస్టులు క్లెయిమ్ విలువలో కొంత శాతమే చేతిలో పెడతాయి. మాన్‌విల్ ట్రస్టు ఇచ్చేది 5 శాతం దరిదాపుల్లోనే. అయితే ఒకరికి ఒకే ట్రస్టు అన్న రూల్ లేదు. ఎన్ని కంపెనీల సరుకు వాడినట్టు చూపగలిగితే అన్ని ట్రస్టులకు క్లెయిమ్ పెట్టుకోవచ్చు.

నికరంగా దక్కేది వీఏ పరిహారమే

వెటరన్స్ అఫైర్స్ శాఖ, అందరూ వీఏ అని పిలిచేది, ఇచ్చే వైకల్య పరిహారానికి ఎవరి తప్పో నిరూపించాల్సిన పని లేదు. మెసోథీలియోమా ఉన్నంతకాలం 100 శాతం వైకల్యంగా లెక్కిస్తారు. 2025 రేట్ల ప్రకారం ఒంటరి వ్యక్తికి నెలకు సుమారు 3,831 డాలర్లు. భార్యాపిల్లలుంటే ఇంకా ఎక్కువ. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్‌కు మాత్రం శ్వాస పరీక్ష ఫలితాన్ని బట్టి 10, 30, 60, 100 శాతాల మెట్లుంటాయి. జబ్బుతో మనిషి చనిపోతే జీవిత భాగస్వామికి వేరే నెలవారీ భత్యం ఉంది.

ఇదీ వాటంతట అది రాదు. 2022లో వచ్చిన ప్యాక్ట్ యాక్ట్‌తో అన్నీ ఆటోమేటిక్ అయిపోయాయని చాలామంది అనుకుంటున్నారు. కాదు. ఆస్‌బెస్టాస్‌ను ఆ చట్టం ఆటోమేటిక్ జాబితాలో పెట్టలేదు. కాబట్టి మూడు చూపించాలి. జబ్బు ఉన్నట్టు వైద్య రికార్డు, సర్వీసులో ఆ పనే చేసినట్టు ఆధారం, రెండింటికీ ముడిపెడుతూ డాక్టర్ అభిప్రాయం. రెండోదానికి పనికొచ్చేది డిశ్చార్జ్ పత్రం డీడీ-214. అందులో ఉద్యోగ కోడ్ ఉంటుంది. ఉదాహరణకు 63బీ అంటే చక్రాల వాహనాల మెకానిక్. బ్రేకులు, క్లచ్ సర్వీసింగ్‌ను ఆస్‌బెస్టాస్ తగిలే పనిగా వీఏ సొంత మాన్యువలే గుర్తిస్తుంది. డాక్టర్ నూటికి నూరు శాతం ఖాయమని రాయక్కర్లేదు, కనీసం సగానికి సగం అవకాశం ఉందంటే చాలు.

చాలామంది గమనించని విషయం ఇంకోటుంది. వియత్నాంలో పనిచేసి, వచ్చింది ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే ఆస్‌బెస్టాస్ సంగతి నిరూపించే అవసరమే రాకపోవచ్చు. ఏజెంట్ ఆరెంజ్ జాబితాలో ఆ క్యాన్సర్ ఎప్పటి నుంచో ఉంది. మెసోథీలియోమా మాత్రం ఆ జాబితాలో లేదు.

ట్రస్టు డబ్బు తీసుకుంటే వీఏ పరిహారం పోతుందేమోనని కొందరు భయపడతారు. వైకల్య పరిహారానికి ఆదాయంతో లింకు లేదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. వీఏ పెన్షన్ సంగతి వేరు, దానికి ఆదాయం చూస్తారు.

గడువు.. ఫీజు

కోర్టు కేసులకు టైమ్ లిమిట్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఏడాదే. సాధారణంగా దుమ్ము పీల్చిన రోజు నుంచి కాదు, జబ్బు తెలిసిన రోజు నుంచి లెక్క. వీఏ క్లెయిమ్‌కు అలాంటి గడువు లేదు. ఆలస్యమైతే ఆ మధ్య నెలల డబ్బు పోవచ్చు, అంతే. మొదటిసారి వీఏ క్లెయిమ్ పెట్టడానికి లాయర్లు ఫీజు తీసుకోవడం చట్టవిరుద్ధం. మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఈ పని ఉచితంగా చేసిపెడతారు. అమెరికా టీవీల్లో రోజంతా తిరిగే మెసోథీలియోమా లాయర్ల ప్రకటనలు ఎక్కువగా ట్రస్టులు, కోర్టు కేసుల కోసం. అక్కడ గెలిస్తే వచ్చిన దాంట్లో వాటా తీసుకుంటారు.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా ఉంది. యూనిఫాం ఉతికిన భార్యలకు, ఆ బట్టలతోనే నాన్న ఎత్తుకున్న పిల్లలకు వీఏ పరిహారం రాదు. వాళ్లకు మిగిలేది ట్రస్టులు, రాష్ట్ర కోర్టులే. ఆస్‌బెస్టాస్ ఇంటికి మోసుకొచ్చే బట్టల వల్ల కుటుంబానికి జరిగే హానికి యజమాని బాధ్యత ఉంటుందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2016లో ఒప్పుకుంది. ఆ తీర్పులో ఒక కేసు బ్రేకు షూలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉద్యోగి ఇంటికి తరచూ వెళ్లొచ్చే మేనల్లుడిదే. అన్ని రాష్ట్రాలూ దీనికి ఒప్పుకోవడం లేదు.