రెండు మోటార్లకి ఒక్క ఈఎస్సీ చాలదు

ఆత్రేయపురం అంటే మొన్నటిదాకా పూతరేకులే గుర్తొచ్చేవి. 2025 సంక్రాంతికి సర్ ఆర్థర్ కాటన్ పేరు మీద అక్కడి కాలవలో డ్రాగన్ పడవల పోటీలు జరిగాక, పడవలు కూడా గుర్తొస్తున్నాయి. మన హాస్టల్లోనూ ఆ గాలి తగిలింది. రెండు మోటార్ల రిమోట్ బోటు చేసి అదే కాలవలో వదలాలని సరదా పడుతున్నారు. చాలా బావుంది. అయితే స్పీడ్ కంట్రోలర్, అదే ఈఎస్సీ, కొనే దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: "రెండు మోటార్లకీ ఒకటి సరిపోతుంది కదా, రెండోది దండగ."

నేనైతే దండగ కాదంటాను. కాలవలో వదిలే బోటుకి మోటారుకో ఈఎస్సీ ఉండాల్సిందే.

బ్రష్‌లెస్ మోటార్లైతే అసలు చర్చే లేదు. రోటరు ఏ క్షణాన ఎక్కడుందో చూసుకుంటూ మూడు వైర్లకీ వరసగా కరెంటు పంపడమే ఆ ఈఎస్సీ పని. రెండు రోటర్లు ఎప్పుడూ ఒకే చోట ఉండవు. ఒకటి రెండింటినీ నడపలేదు. బేరం ఆడేదంతా బ్రష్డ్ మోటార్ల దగ్గరే. వాటిని పారలల్‌లో కలిపి ఒకే ఈఎస్సీకి తగిలించొచ్చు, తిరుగుతాయి కూడా. స్విమ్మింగ్ పూల్లో చిన్న మోటార్లతో ఆడుకోవడానికి అదే చాలు. ఎందుకు ఖర్చు?

కాలవ స్విమ్మింగ్ పూల్ కాదు. అక్కడ నీళ్లు పారుతుంటాయి, గుర్రపుడెక్క ఉంటుంది, నాచు ఉంటుంది, ఎవరో పారేసిన ప్లాస్టిక్ సంచి ఉంటుంది. వీటిలో ఏదో ఒకటి ప్రొపెల్లరుకి చుట్టుకుంటుంది. మోటారు ఆగిపోతుంది, కరెంటు మాత్రం ఆగదు. అసలు కథ అక్కడే.

ఒక చిన్న లెక్క చూద్దాం. రెండు సెల్స్ లైపో పూర్తిగా ఛార్జయితే 8.4 వోల్టులు. మోటారు, వైర్లు కలిపి 0.3 ఓం అనుకుందాం. మామూలుగా తిరిగేటప్పుడు మోటారు 5 ఆంపియర్లు లాగుతోంది. అదే మోటారు ఇరుక్కుంటే బ్యాక్ ఈఎమ్ఎఫ్ సున్నా. 8.4ని 0.3తో భాగిస్తే 28 ఆంపియర్లు! ఇప్పుడు రెండు మోటార్లకీ కలిపి ఒకే 40 ఆంపియర్ల ఈఎస్సీ పెట్టారనుకోండి. ఇరుక్కున్నదానికి 28, బాగున్నదానికి 5, మొత్తం 33. ఈఎస్సీకి అంతా సవ్యంగానే ఉన్నట్టు లెక్క. లోపల ఒక మోటారు మాడిపోతుంటుంది. రెండూ ఇరుక్కుంటే 56, అప్పుడు ఈఎస్సీయే మాడుతుంది. ఎలా చూసినా బోటు కాలవ మధ్యలో ఆగిపోతుంది.

అందుకే తిరిగేటప్పటి కరెంటు చూసి ఈఎస్సీ కొనకూడదు, ఇరుక్కున్నప్పటి కరెంటు చూసి కొనాలి. స్టిక్కరు మీద అంకెని గుడ్డిగా నమ్మొద్దు. అగ్గిపెట్టంత ఈఎస్సీ మీద 320 ఆంపియర్లని రాసి ఉంటే, దానికున్న వైర్ల మందం ఒకసారి చూడండి. అంత కరెంటు ఆ వైర్లలో నిలకడగా పారదని ఫస్టియర్ పిల్లాడైనా చెప్తాడు. నిలకడగా ఎంత, క్షణకాలం ఎంత అని విడివిడిగా రాసినదాన్నే తీసుకోండి. పై లెక్కలోని మోటారుకైతే నిలకడగా 30 ఇచ్చేవి రెండు, ఒక్కోదానికీ విడిగా బైకుల్లో వాడే 10 ఆంపియర్ల ఫ్యూజు. ఒక పక్క ఇరుక్కుంటే ఆ పక్క ఫ్యూజే పోతుంది. డ్రాగన్ పడవలో ఒక వరస తెడ్లు ఆగినా రెండో వరస ఎలాగో ఒడ్డు చేర్చినట్టు, రెండో మోటారు బోటుని ఇంటికి తెస్తుంది. అది పక్కకి లాగకుండా చుక్కాని తప్పకుండా ఉంచుకోండి.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. రిసీవరుకి 5 వోల్టులిచ్చే బీఈసీ సాధారణంగా ఈఎస్సీలోనే ఉంటుంది. రెండు ఈఎస్సీలూ రిసీవరుకి తగిలిస్తే రెండు బీఈసీలు ఒకే లైన్లో కొట్టుకుంటాయి కాబట్టి, ఒకదాని ఎర్ర వైరు పిన్ను తీసేస్తారు. అంతవరకూ సరే. మరి ఎర్ర వైరు ఉన్నవైపే ఫ్యూజు పోతే? రిసీవరు చచ్చిపోతుంది, బాగున్న మోటారు కూడా ఆగిపోతుంది. రెండు కొన్న ప్రయోజనమంతా గోదాట్లో కలిసినట్టే. రెండు ఎర్ర పిన్నులూ తీసేసి, బ్యాటరీ నుంచి నేరుగా విడి బీఈసీ ఒకటి పెట్టండి.

రివర్సు లేనిది కొనకండి. చుట్టుకున్న నాచు వదిలేది చాలాసార్లు రివర్సుతోనే. విమానాల ఈఎస్సీల్లో మామూలుగా అది ఉండదు. కార్లవాటిలో చాలావాటికి మొదట బ్రేకు పడి, రెండోసారి లాగితేనే రివర్సు వస్తుంది. బోటుకి అది చికాకు. రెండూ ఒకే మోడల్‌వి తీసుకుని, థ్రాటిల్ కాలిబ్రేషనూ బ్యాటరీ కటాఫూ ఒకేలా పెట్టుకోండి. లేకపోతే ఒకటి ముందు కదులుతుంది, ఒకటి ముందు ఆగుతుంది.

"ఇంత చాదస్తం దేనికి, ఆగితే దిగి తెచ్చుకుంటాం" అంటారా? నా భయం సరిగ్గా ఆ మాటంటేనే. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే నీళ్లు లొల్ల లాకుల వైపు ఊరికే పోవు, పైరుకి పోతాయి, అవసరమంత జోరుగా పోతాయి. పైనుంచి చూస్తే నిద్రపోతున్నట్టుంటుంది కాలవ. లోతు తెలీదు, అడుగున బురద తెలీదు. నెలల తరబడి చేసిన బోటు కళ్లముందు కొట్టుకుపోతుంటే ఈత రానివాడు కూడా ఒక అడుగు వేస్తాడు. ఆ అడుగు వెయ్యాల్సిన అవసరం రాకుండా చూడటం ఇంజినీరు పని.

రెండో ఈఎస్సీ ఖరీదుని ఆ లెక్కలో చూడండి, వేగం లెక్కలో కాదు. డబ్బు చాలకపోతే ఒక మోటారు తగ్గించుకోండి గానీ ఈఎస్సీ తగ్గించకండి. అన్నీ సరిగ్గా చేసినా ఒకరోజు బోటు ఆగిపోవచ్చు. అప్పుడు దాన్ని వదిలేయండి. బోటు మళ్లీ చేసుకోవచ్చు.