సిలబస్ మార్చారు సరే, ప్రశ్నాపత్రం సంగతేంటి?

జేఎన్టీయూ హైదరాబాద్ వాళ్ళు ఇంజనీరింగ్ సిలబస్ మార్చరని మాత్రం అనకండి. ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22 అంటూ మారుస్తూనే ఉన్నారు. (మధ్యలో సప్లీలు మిగిలినవాడి తిప్పలు దేవుడికే ఎరుక.) 2018లో ఏఐసీటీఈ కూడా నమూనా సిలబస్ తెచ్చి క్రెడిట్లని 160కి దించింది. మంచిదే. నా గొడవ సిలబస్ గురించి కాదు, అది పనిచేసిందో లేదో తేల్చే పద్ధతి గురించి.

ఎన్‌బీఏ గుర్తింపు కావాలంటే ఏం చెప్పామన్నది కాదు, విద్యార్థికి ఏం వచ్చిందన్నది చూపించాలి. ఆలోచన బంగారం. ఆచరణ చూడండి. ప్రతి సబ్జెక్టుకీ ఐదారు 'ఫలితాలు' రాస్తారు. డిగ్రీ మొత్తానికి ఉన్న లక్ష్యాలతో వాటిని జతకలిపి పట్టికలో 1, 2, 3 అంకెలు వేస్తారు. ఇంతమంది ఇన్ని మార్కులు దాటారు కాబట్టి ఫలితం సాధించేశాం అని లెక్క తేలుస్తారు. ఆ మార్కులెక్కడివయ్యా అంటే చాలావరకు అవే మిడ్‌లు, అదే సెమిస్టరు పరీక్ష!

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ తీసుకోండి. "డెడ్‌లాక్‌కి కావలసిన నాలుగు షరతులు వివరింపుము" అంటే ఆల్-ఇన్-వన్ చూసి ఒక్క రాత్రిలో బట్టీ కొట్టెయ్యొచ్చు. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఆ నాలుగూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. రెండు థ్రెడ్లు చెరో లాక్ పట్టుకుని, ఒకదాని లాక్ కోసం ఇంకోటి కాచుక్కూర్చున్న థ్రెడ్ డంప్ ముందు పెడితే "సర్వర్ స్లోగా ఉందన్నా" అన్నాడు. తెలివిలేనివాడేం కాదు, రెండు వారాల్లో అందుకున్నాడు. నాలుగేళ్ళలో అలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు, అంతే. ఏదో ఫైల్లో మాత్రం అతని బ్యాచ్‌కి 'విశ్లేషణా సామర్థ్యం - 3' అని పడే ఉంటుంది.

లెక్చరర్లని తిట్టి లాభం లేదు. అనుబంధ కాలేజీల్లో పాఠం చెప్పేది ఒకరు, సెమిస్టరు పేపరు సెట్ చేసేది ఇంకొకరు. మధ్యలో ఫైళ్ళు నింపే చాకిరీ మాత్రం పాఠం చెప్పేవాళ్ళది. సీఎస్ఈ పక్కన బ్రాకెట్లో ఏఐ, ఎంఎల్ అని తగిలించినా ఇది మారదు. న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మ గీసి భాగాలు గుర్తింపుము అంటారు!

కొత్త రెగ్యులేషను రాసేముందు గత ఐదేళ్ళ ప్రశ్నాపత్రాలు ముందేసుకుని, బట్టీతో ఎన్ని మార్కులొస్తాయో లెక్కేయండి. రెండేళ్ళ క్రితం బయటికెళ్ళినవాళ్ళని ఏది పనికొచ్చిందో అడగండి. ఖర్చంటారా? ల్యాబుల్లో కంప్యూటర్లున్నాయి, ల్యాబ్ పరీక్షకి బయటి ఎగ్జామినర్ ఎలాగూ వస్తున్నాడు. రికార్డు మీద సంతకాలతో సరిపెట్టకుండా, పనిచెయ్యని ప్రోగ్రామొకటి ఇచ్చి బాగుచెయ్యమనమనండి. మొదటి ఏడాది సగం మంది తప్పొచ్చు. తప్పనివ్వండి, ఎక్కడ తప్పుతున్నారో ఆ పట్టికలోకి అప్పుడైనా ఎక్కుతుంది.