ఉలికీ అద్దేనా?

అద్దంకి అనగానే చదువుకున్నవాళ్ళకు గుర్తొచ్చేది పండరంగడి శాసనం. క్రీస్తుశకం 848 ప్రాంతంలో, గుణగ విజయాదిత్యుడి కాలంలో, తెలుగు పద్యం తరువోజగా రాతికెక్కింది అక్కడే. ఆ అక్షరాలు చెక్కినవాడి దగ్గరికి నెల తిరిగేసరికి ఉలి బాడుగ కోసం ఎవరూ రాలేదు.

అదే ఊళ్ళో ఇవాళ అక్షరం మీద బతికేవాళ్ళ సంగతి చూడండి. డీటీపీ సెంటర్లు, ఫ్లెక్సీ షాపులు, పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలు. శింగరకొండ తిరునాళ్ళకు స్వాగతం ఫ్లెక్సీ, పత్తి విత్తనాల పోస్టరు, మిరప రైతుల మీటింగు కరపత్రం, టీచర్ల యూనియన్ క్యాలెండరు, శుభలేఖ. రాత్రి పదింటికి పోయి పొద్దున్నే కావాలన్నా కాదనకుండా కూర్చుని చేసిచ్చేది వీళ్ళే. విద్యార్థి సంఘాల కరపత్రాలు అప్పుకు వేసిచ్చిందీ వీళ్ళే. ఆ అప్పుల్లో తీర్చనివి ఇంకా ఉన్నాయని మాకు తెలుసు. ఏ ఉద్యమానికైనా మొదటి అక్షరం వీళ్ళ కీబోర్డు మీదే పుట్టింది. అందుకే ఈ వారం వీళ్ళ గోడు రాస్తున్నాం.

వీళ్ళ పనిముట్లు నాలుగే నాలుగు. పేజీ కట్టడానికి పేజ్‌మేకర్, బొమ్మకు ఫొటోషాప్, ఫ్లెక్సీకి కోరల్‌డ్రా, తెలుగుకు అను ఫాంట్లు. ఒకప్పుడు ఇవి కొనుక్కునే సరుకు. ఒకసారి డబ్బు కడితే మనవే. కొత్త వెర్షన్ వస్తే పాతది ఉన్నవాడికి తక్కువ ధర. దాన్నే అప్‌గ్రేడ్ ధర అన్నారు. చిన్న షాపువాడు నిజాయితీగా బతకడానికి ఉన్న ఒక్క మెట్టు అదే.

ఆ మెట్టు ఎలా విరిగిందో లెక్క చూద్దాం. 2012లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్6 ధర అమెరికాలో 699 డాలర్లు. పాత వెర్షన్ ఉన్నవాళ్ళకు 199. అప్పటిదాకా ఉన్న పద్ధతి ప్రకారం మూడు వెర్షన్ల వెనకున్నవాడికీ ఈ తగ్గింపు దక్కేది. అంటే 2007లో సీఎస్3 కొన్నవాడు మధ్యలోవి వదిలేసి, ఐదేళ్ళకోసారి 199 కట్టి కొత్తది తెచ్చుకోవచ్చు. 2011 నవంబరులో అడోబీ కంపెనీ ఆ దారి మూసింది. సరిగ్గా ముందటి వెర్షన్ ఉంటేనే తగ్గింపు అన్నది. ప్రపంచమంతా గగ్గోలు పెడితే పాతవాళ్ళకు 2012 డిసెంబరు 31 దాకా గడువిచ్చింది. 2013 మేలో అసలు సంగతి బయటపెట్టింది. ఇకపై కొత్త వెర్షన్లు అమ్మరట. అద్దెకే ఇస్తారట. ఒక్క సాఫ్ట్‌వేర్‌కు నెలకు 19.99 డాలర్లు. ఐదేళ్ళకు కూడితే దాదాపు 1,200. పాత పద్ధతిలో 199తో పోయేదానికి ఆరింతలు!

కొత్తగా షాపు పెట్టేవాడికి ముందు పెట్టుబడి తగ్గింది కదా అని కంపెనీ వాదన. నిజమే. కానీ మూడేళ్ళు నిండేసరికి అద్దె 699 దాటుతుంది. అప్పటికి చేతిలో మిగిలేది ఏమిటి? ఏమీ లేదు. అద్దె ఆగిన రోజు సాఫ్ట్‌వేర్ ఆగుతుంది. 2013లో నెలకు 49.99 ఉన్న మొత్తం కట్ట 2025 నాటికి ఉత్తర అమెరికాలో 69.99కి చేరింది. మధ్యలో మానుకుంటే పడే రుసుమును సరిగా చెప్పకుండా దాచారని 2024లో అమెరికా ప్రభుత్వమే కోర్టుకెక్కింది.

మన దేశంలో ధరల పట్టిక వేరు, వరస మాత్రం ఇదే. పైగా 18 శాతం జీఎస్టీ. రిజిస్ట్రేషన్ లేని చిన్న షాపుకు అది తిరిగి రాదు. ఈ వ్యాపారం ముహూర్తాల మీద, తిరునాళ్ళ మీద, ఎన్నికల మీద నడిచేది. ఆషాఢంలో శుభలేఖ వేయించుకునేవాడు ఉండడు. నెలవారీ అద్దెకు ఆషాఢం తెలుసా?

ఇక దాచి లాభం లేని మాట ఒకటుంది. ఊళ్ళలో చాలా షాపుల్లో నడిచింది దొంగ కాపీలే. మా పత్రిక పేజీలు కట్టిన చోటా అన్నీ సక్రమమని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పలేం. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం తెలిసి దొంగ కాపీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. పేజీ కంపోజింగు మీద బతికేవాడి నెత్తిన ఆ కత్తి వేలాడుతూనే ఉంది. దొంగతనాన్ని మేము సమర్థించడం లేదు. కానీ సక్రమంగా కొనుక్కుని ఉంచుకునే దారిని మూసేసినవాళ్ళు, సందుల్లోంచి పోయేవాణ్ణి దొంగ అంటే ఎట్లా?

తెలుగువాడికి ఇంకో ముడి కూడా ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. 2004లో దాని అభివృద్ధే ఆపేశారు. అయినా మన షాపుల్లో బతికింది. ఎందుకంటే ఫాంట్లు యూనికోడ్ కావు, ఏళ్ళ తరబడి చేసిన మేటరంతా అందులోనే ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారాలంటే ఫాంటు మార్చాలి, టైపింగు అలవాటు మార్చాలి. కంప్యూటరూ మార్చాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. పాత మిషన్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. 2022లో అద్దంకిని ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలో కలిపినప్పుడు లెటర్‌ప్యాడ్లు, బిల్లు పుస్తకాలు, బోర్డులు మార్చే పని పడింది. పాత ఫైలు తెరుచుకున్న షాపువాడికి ఐదు నిమిషాల పని. తెరుచుకోనివాడు మళ్ళీ మొదటి నుంచి కొట్టాల్సిందే. మన రాత మన దగ్గరే తాళం పడి ఉండటం అంటే ఇదే.

ఇది కొత్త కథ కాదు. పత్తి రైతుకు బాగా తెలుసు. గాదెలో దాచుకునే విత్తనం పోయి, ఏటా ప్యాకెట్ కొనే రోజులొచ్చాయి. 450 గ్రాముల బీటీ ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. అందులో సింహభాగం మోన్‌శాంటో రాయల్టీ. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ తలుపు తట్టింది. ఆ ఏడు మేలో కమిషన్ రాయల్టీ తగ్గించమంది. ప్యాకెట్ 750కి దిగింది. 2007లో పత్తి విత్తనాల ధరలకు చట్టమే వచ్చింది. ప్రభుత్వం తలుచుకుంటే ధర దిగుతుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? ఆస్ట్రేలియా పార్లమెంటు 2013లో అడోబీని పిలిపించి, మా దేశంలో ఎక్కువ ధర ఎందుకని నిలదీసింది. మన సభల్లో ఆ ప్రశ్న వేసినవాడు మాకు కనపడలేదు.

కాంపిటీషన్ కమిషన్ ఉంది. ఒకసారి కొంటే ఉండిపోయే వెర్షన్, దానికి అప్‌గ్రేడ్ ధర చిన్న షాపులకైనా ఇప్పించమని రెండు తెలుగు రాష్ట్రాలూ అడగాలి. పాలిటెక్నిక్‌లలో, కంప్యూటర్ కోర్సుల్లో ఇంక్‌స్కేప్, స్క్రైబస్ నేర్పాలి. 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు కుదురుతున్నాయి. రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. 2025 అక్టోబరులో కాన్వా కంపెనీ తన అఫినిటీ సాఫ్ట్‌వేర్‌నూ ఉచితం చేసింది. మంచిదే. కాకపోతే తాళంచెవి ఇంకొకడి దగ్గరున్న ఉచితం ఎన్నాళ్ళో వాడి ఇష్టం.

సంఘాల బాధ్యత కూడా ఉంది. ఉద్యోగ సంఘాల మిత్రులారా, విద్యార్థి మిత్రులారా, కరపత్రం వేయించేటప్పుడు యూనికోడ్‌లో చేసివ్వమనండి. ఆ అదనపు శ్రమకు పది రూపాయలు ఎక్కువివ్వండి. పాత బాకీ ఉంటే ముందు అది తీర్చండి.

మా వంతుగా ఈ పత్రికలో రెండు పేజీలు స్క్రైబస్‌లో కట్టి చూశాం. పని రెట్టింపయింది. ఒక హెడ్డింగులో ‘స్త్రీ’ విరిగి పడింది. ఇంకో ఫాంటు పెట్టి సరిచేశాం. వచ్చే వారం నాలుగు పేజీలు కడతాం. ఎక్కడైనా అక్షరం తప్పుగా కనిపిస్తే కార్డు రాయండి.