దూరపు కొండలు నునుపు, పక్కనున్న గుట్ట నామోషీ

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఇక్కడ మినియాపోలిస్ లో మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనాలకి పూనకం వచ్చేస్తుంది. ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్ కి కొలరాడో పోవాలి, స్కీయింగ్ చెయ్యాలి. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ఎక్సెల్ షీటు, ఎనిమిది మందికి ఒక ఇల్లు, డెన్వర్ కి విమానం టికెట్లు, అక్కడినుంచి రెండు అద్దె కార్లు. ఆ ఎనిమిది మందిలో ఆరుగురు జన్మలో స్కీలు తగిలించుకున్న పాపాన పోలేదు. "ఊళ్ళోనే బక్ హిల్ ఉంది కదా బావా, ముందు అక్కడ నేర్చుకోవచ్చుగా" అంటే, "అదేం కొండరా, ఫ్లైఓవర్ అంత ఉంటుంది, అక్కడ ఫోటో దిగితే పరువు పోద్ది" అంటాడు.

సరే, కొండ చిన్నదే, ఒప్పుకుంటా. బర్న్స్‌విల్ లో ఇంటర్‌స్టేట్ 35 పక్కనే కారులోంచి కనిపిస్తుంది. ఎత్తు 300 అడుగులకి అటూఇటూ. మన గోల్కొండ కోట ఎక్కినంత కూడా ఉండదు. వెయిల్ అయితే 5,317 ఎకరాలు, పైనుంచి కిందికి 3,450 అడుగులు. పోలికే లేదు.

కానీ అయ్యా, ఆ 5,317 ఎకరాల్లో మీరు వాడేది ఎంత?

మొదటిసారి వెళ్ళినవాడికి ఏ రిసార్ట్ అయినా చూపించేది ఒకటే. మ్యాజిక్ కార్పెట్ అని ఒక కన్వేయర్ బెల్టు, దాని పక్కన మన అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్ అంత వాలు. అక్కడ స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి, పిజ్జా ముక్క ఆకారంలో పెట్టి, ఆగడం నేర్పిస్తారు. పడతాం, లేస్తాం, మళ్ళీ బెల్టెక్కుతాం. మూడు రోజుల ట్రిప్పులో రెండు రోజులు ఇదే. ఆ వాలు బర్న్స్‌విల్ లో ఎలా ఉంటుందో కొలరాడోలోనూ అలాగే ఉంటుంది. వంద రికార్డులున్న టేబుల్ కోసం ఒరాకిల్ క్లస్టర్ కొంటానని ఆఫీసులో ఎవడైనా అంటే నవ్వే జనం, సెలవులు రాగానే చేసే పని మాత్రం ఇది.

పైగా కొత్తవాళ్ళకి అక్కడ ఇంకో కష్టం ఉంది. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. మనం ఉండేది 800 పైచిలుకు అడుగుల్లో. శుక్రవారం రాత్రి దిగి, బిర్యానీ లాగించి, శనివారం పొద్దున్నే బూట్లు బిగిస్తే సగం మందికి తలనొప్పి, ఆయాసం, వాంతులు. ఇక పొద్దున డెన్వర్ నుంచి ఇంటర్‌స్టేట్ 70 మీద కొండలెక్కే ట్రాఫిక్ గురించి చెప్పక్కర్లేదు, హైటెక్ సిటీ సిగ్నల్ గుర్తొస్తుంది. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి చాలాచోట్ల లిఫ్టులు ఆపేస్తారు. మొత్తం లెక్కేస్తే స్కీల మీద జారిన సమయం ఎంత? ఇక్కడి గుట్టకి ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి. ఆరింటికి లాప్‌టాప్ మూసేసి రెండు గంటలు జారి, ఇంటికొచ్చి పప్పన్నం తినొచ్చు. వారానికి ఒక సాయంత్రం చొప్పున రెండు నెలలంటే పదహారు గంటలు. ఈ విద్య ఒంటికి పట్టేది మళ్ళీ మళ్ళీ చేస్తేనే.

ఇది నా సొంత థియరీ కాదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ లో డౌన్‌హిల్ బంగారు పతకం గెలిచిన లిండ్సే వాన్ నేర్చుకుంది ఈ ఫ్లైఓవర్ మీదే! ఆస్ట్రియా నుంచి వచ్చిన ఎరిక్ సైలర్ అనే కోచ్ ఇక్కడ పిల్లల్ని తాడు పట్టించి పైకి లాగించి, గేట్ల మధ్య మళ్ళీ మళ్ళీ దింపేవాడు. కొండ చిన్నది కాబట్టి ఒక సాయంత్రంలో పెద్ద కొండ మీద కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సార్లు దిగొచ్చు. క్రిస్టీనా కోజ్నిక్, డేవిడ్ చొడౌన్‌స్కీ లాంటి ఒలింపిక్ ఆటగాళ్ళు కూడా ఇక్కడి నుంచే వచ్చారు. "లిండ్సే చివరికి వెయిల్ కే వెళ్ళిపోయింది కదా" అని ఒక మిత్రుడు లాజిక్ తీశాడు. వెళ్ళింది నాయనా, ఈ గుట్ట నేర్పగలిగినదంతా నేర్చుకున్నాక వెళ్ళింది. నీకింకా ఆగడమే రాదు :)

అసలు నాకు మండేది డబ్బు దగ్గర. 2024-25 సీజన్ లో రద్దీ రోజుల్లో వెయిల్ లో ఒక్కరోజు టికెట్ 300 డాలర్లు దాటింది. ఆ రేటు పెట్టేదే అది చూసి మీరు బెదిరిపోయి ముందే ఎపిక్ పాస్ కొనడానికి. 2008లో 579 డాలర్లకి మొదలైన ఆ పాస్ 2025-26 సీజన్ కి వెయ్యి దాటింది. డిసెంబరు మొదట్లో అమ్మకం ఆపేస్తారు, అంటే మంచు పడుతుందో లేదో తెలీకుండానే డబ్బు కట్టాలి. రిస్క్ అంతా మనది. మన ఊరి పక్కనున్న ఆఫ్టన్ ఆల్ప్స్ ని 2012లో వెయిల్ కంపెనీ కొన్నదెందుకనుకున్నారు? మన గుట్టల మీద ప్రేమతోనా? అదే ఏడాది డెట్రాయిట్ పక్కన మౌంట్ బ్రైటన్, 2016లో షికాగో పక్కన విల్మట్ కొన్నారు. అన్నీ పెద్ద ఊళ్ళ పక్కనే, అన్నీ చిన్నవే. ఇక్కడ పాస్ అంటగడితే సెలవులకి కొలరాడో వస్తారని. పాసులు కొన్నవాళ్ళు 2024 క్రిస్మస్ సెలవుల్లో పార్క్ సిటీకి పోతే, జీతాల కోసం స్కీ పెట్రోల్ వాళ్ళు రెండు వారాల సమ్మెలో ఉన్నారు. చాలా లిఫ్టులు తెరుచుకోలేదు, తెరిచిన వాటి ముందు తిరుపతి క్యూ.

ఇక మన గుట్టల సంగతి. 1980ల మొదట్లో అమెరికాలో 700 పైగా స్కీ కొండలుండేవి, ఇప్పుడు 500 కూడా లేవు. మూతపడ్డవి ఎక్కువగా చిన్నవే. 2023-24 చలికాలం మిన్నెసోటా రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. ఆకాశం నుంచి మంచు రాలకపోతే స్నో గన్లతో కొట్టుకోవాలి, ఆ కరెంటు బిల్లు, నీళ్ళ ఖర్చు, ఇన్సూరెన్సు ఎక్కడినుంచి రావాలి? వారం మధ్యలో సాయంత్రాలు వచ్చే స్కూలు పిల్లల నుంచి, మనలాంటి ఉద్యోగస్థుల నుంచి. ఈ ఊళ్ళో వేలల్లో ఉన్న మనం ఏడాదికోసారి డెన్వర్ కి ఎగిరిపోయి, పక్కనున్నదాన్ని చూసి నవ్వుతుంటే, రేపు మన పిల్లలు స్కీయింగ్ అనాలంటే విమానం టికెట్టే కొనాలి.

కొలరాడో వెళ్ళొద్దని నేనట్లేదు. అక్కడ పడే పొడి మంచు, చెట్ల మధ్య దారులు, పైనుంచి కనపడే కొండల వరస ఇక్కడ ఏడు జన్మలెత్తినా రావు. మా గుట్ట మీద జనవరిలో ఉండేది గట్టి ఐసు, పడితే నడుం విరిగినంత పనవుతుంది. కానీ ఆ ఐసు మీద తిరగడం వచ్చినవాడికి పొడి మంచు అంత భయపెట్టదు. చెయిర్ లిఫ్ట్ ఒంటరిగా ఎక్కి దిగడం, ఆపాలనుకున్న చోట ఆగడం, నీలం రంగు బోర్డున్న దారిలో పడకుండా కిందికి రావడం.. ఈ మూడూ వచ్చాక బుక్ చేసుకోండి. అప్పుడు ఆ డబ్బుకి అర్థం ఉంటుంది.

ఈలోపు వారం మధ్యలో ఏదో ఒక సాయంత్రం రండి. స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకిస్తారు. జీన్స్ ప్యాంటు మాత్రం వేసుకురావద్దు, పది నిమిషాల్లో తడిసి ముద్దవుతుంది.