సభ యెవరిది?

ప్రతి సంవత్సరమును మన తెలుగు పాఠశాలలలో తల్లిదండ్రుల సభలు జరుగుచుండును. వేదికపై అధ్యక్షులు, ముఖ్య అతిథి, వక్తలు ఆసీనులగుదురు. ప్రార్థన, స్వాగతము, నివేదిక, ఉపన్యాసములు, వందన సమర్పణము వరుసగా సాగును. క్రింద కూర్చున్నవారు రెండు గంటలు వినెదరు. నడుమ నడుమ చప్పట్లు కొట్టెదరు. సభ ముగియగానే అందరును లేచి వాకిలి చేరుదురు. అసలైన మాటలు అప్పుడు ఆరంభమగును. “పదవ తరగతి వరకు తెలుగులో చదివిన పిల్లవాడు ఆ పైని ఇంగ్లీషు పాఠమును ఎట్లు అందుకొనును?” అని ఒక తండ్రి యడుగును. ప్రక్కనున్న మరియొక తండ్రి తన పెద్దకుమారుడు ఎట్లు అందుకొనెనో చెప్పును. ఈ ప్రశ్న గాని, ఈ సమాధానము గాని ఏ నివేదికలోనికిని ఎక్కదు. వాకిటిలోని ఈ మాటను సభలోనికి తేవలెననియే నా మనవి.

ఈ అనుభవము మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో హారిసన్ ఓవెన్ అను నాయన ఏడాదికాలము శ్రమపడి యొక పెద్ద సమావేశమును ఏర్పాటు చేసెను. తీరా చూడగా, వచ్చినవారికి మిక్కిలి ఉపయోగపడినవి కాఫీ విరామములేనని తేలెను! అందుపై ఆయన 1985లో క్రొత్త పద్ధతి నొకదానిని ప్రారంభించెను. వచ్చినవారందరు వలయముగా కూర్చుందురు. తమకు కావలసిన విషయములను తామే ప్రకటింతురు. చిన్న చిన్న బృందములుగా చేరి చర్చించుకొందురు.

మనకును ఇది బొత్తిగా క్రొత్త కాదు. అష్టావధానమును తలచుకొనుడు. అందు అవధాని యేమి చెప్పవలెనో నిర్ణయించువారు ఎనిమిదిమంది పృచ్ఛకులు. సమస్య నిచ్చువారును, అక్షరమును నిషేధించువారును, అప్రస్తుత ప్రసంగముతో దారి తప్పింప జూచువారును వారే. అడిగినదానికి బదులు చెప్పుటయే అవధాని పని. మన సభలలో మాత్రము ఎవరును అడుగని ప్రశ్నలకు గంటలకొలది సమాధానములు చెప్పుచున్నాము.

సభలో నోరు మూయించిన ఫలితమును తెలుగువారు ఎరుగుదురు. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార మహాసభ జరిగినది. అందు ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగున మాటలాడబోగా సభలో అల్లరి చెలరేగి, ఆయన ప్రసంగము సాగలేదు. ఆ బాధతో తెలుగువారు కొందరు విడిగా కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఆ యుద్యమము పెరిగి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. ఇతరులు మనవాని మాటను అడ్డుకొన్నప్పుడు మనకు నొప్పి కలిగినది. మన సభలో, మన భాషలోనే, మన తల్లిదండ్రులకు మాటలాడు అవకాశము లేకుండ చేయుచున్నది మనమే కదా!

చెన్నపట్టణమున ఇది చిన్న విషయము కాదు. 2006 నాటి చట్టము ననుసరించి తమిళము ఒకటవ తరగతి నుండి మొదలై, ఏటేట ఒక్కొక్క తరగతి చొప్పున పదవ తరగతి వరకు నిర్బంధ పాఠ్యాంశముగా విస్తరించినది. ఉన్న ఊరి భాష నేర్చుట మనకు మేలే. కాని తెలుగు పిల్లవాడు మూడు లిపులను ఒక్కసారి మోయవలసివచ్చినప్పుడు, వానిని తెలుగు తరగతిలో ఉంచుటయా, మాన్పించుటయా అను ప్రశ్న ఇంటింట పుట్టును. సలహా చెప్పువారు లేక, ఆ నిర్ణయము ఒంటరిగా జరిగిపోవును. మరునాడు తరగతిలో ఒక బల్ల ఖాళీ యగును.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ, సహాయక పాఠశాలల నిర్వహణ సంఘములలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు ఉండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు చెప్పినది. అల్పసంఖ్యాకుల పాఠశాలలలో ఈ సంఘము సలహా నిచ్చుటకు మాత్రమేనని 2012లో సవరించిరి. సలహా చెప్పుటకైనను నోరు తెరవవలెను గదా!

కావున రాబోవు సభను ఇట్లు జరిపి చూతము. ఉపన్యాసములన్నియు కలిపి ఇరువది నిమిషములు మించరాదు. పిదప కుర్చీలను కదిపి, ఆరేడుగురు చొప్పున వలయములుగా కూర్చుందము. ఉపాధ్యాయులును వేరుగా గాక ఆ వలయములలోనే కూర్చుందురు గాక. ప్రతివారును తమ పిల్లల చదువునందు కలిగిన ఒక చిక్కును, తమకు తెలిసిన ఒక ఉపాయమును చెప్పవలెను. అందరును ఒకమారు చెప్పువరకు ఎవరును రెండవమారు మాటలాడరాదు. ప్రతి వలయమునను ఒక విద్యార్థి లేఖకుడై చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెను. తెలుగు మాటలాడగలిగియు చదువను వ్రాయను రాని తల్లి మాటయు ఆ కాగితముపై నిలుచును. చివర అన్నియు చదివి, ఏ పని యెవరు చేయుదురో నిర్ణయించి, తరువాతి సభను ఆ పనుల లెక్కతో ఆరంభింపవలెను.

ఇందువలన గోల పెరుగునని కొందరందురు. పెరుగవచ్చును, బడిలో చదువు సాగుచున్నప్పుడును గోల యుండును. పెద్దలకు గౌరవము తగ్గునని మరికొందరందురు. తాము చెప్పినదానికంటె ఎక్కువ విని వెళ్ళిన అతిథికి అగౌరవ మెట్లు కలుగును? తల్లిదండ్రులు సిగ్గుపడి మాటలాడరనుట నిజమే. వేయిమంది యెదుట లేచి మాటలాడలేని తల్లి, ఆరుగురి నడుమ కూర్చుండి తప్పక మాటలాడును. వాకిటిలో మాటలాడుచున్నది ఆమెయే కదా.

విద్యార్థులారా! ఈ పని మీ విద్యార్థి సంఘమునుండియే మొదలుపెట్టుడు. తరగతిలో ఎన్నడును నోరు మెదపని మిత్రుని మొదట అడుగుడు. తల్లిదండ్రులారా! రాబోవు సభకు చప్పట్లు కొట్టుటకు గాక, ఒక ప్రశ్నతో రండు. ఆ ప్రశ్నను వాకిటివరకు దాచుకొనకుడు.