సెలవులెవరికి?

ఎండకాలం వస్తే చాలు, పత్రికల నిండా చిన్ననాటి సెలవుల ముచ్చట్లే. అమ్మమ్మ ఊరు, మామిడితోట, పగలంతా ఆట. చదువుతుంటే బాగానే ఉంటది. కానీ మా హుజూర్‌నగర్ పల్లెల్లో అయ్య చేసిన అప్పు కింద జీతమున్న మాల మాదిగ పోరగాళ్లకు బడే లేదు, సెలవులెక్కడివి? వెట్టి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. మేం బర్ల వెంట పోవుడు మాత్రం ఆగలేదు.

ఆడుకోలేదని కాదు. మిట్టమధ్యాహ్నం ఆసామి కునుకు తీస్తుంటే, బర్లు చెరువు నీళ్లల్ల పండుకుంటే, చిర్రగోనె ఆడినం, ముంజలు తిన్నం. ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను బర్ల మీద. అవి చేన్ల పడ్డయా, వీపు పగిలేది. ఆ గంటసేపే మాది.

ఇప్పుడు మా పిల్లలు బడికి పోతున్నరు. సంతోషమే. అయితే 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినోళ్లు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించొద్దంటూనే, ప్రమాదం లేని ఇంటి పనుల్లో బడి అయినంక, సెలవుల్లో సాయం చేయొచ్చని సందు పెట్టిన్రు. భూమి లేని మాకు ఇంటి పనేది? అమ్మ వెంట కూలికి పోవుడే. దాన్ని 'ఇంటి సాయం' అని ఆసామి దబాయిస్తే అడిగేదెవరు? తల్లిదండ్రుల్ని తిట్టి లాభం లేదు, పెద్దోళ్ల కూలి గిట్టాలె. ఆ 'సెలవుల్లో' అన్న మాట చట్టంలోంచి పోవాలె. ఈ మే నెలలో కార్యకర్తలు వాడవాడ తిరిగి, ఎవరి పిల్లలు ఎవరి చేన్ల ఉన్నరో రాసుకురావాలె.